మైదా, ఇతర పిండ్లు: గ్రాముల నుంచి కప్పుల్లోకి, కప్పుల నుంచి గ్రాముల్లోకి మార్చుకునే పద్ధతి

కప్పు మైదా అంటే ఎన్ని గ్రాములని వెతికితే ఒకచోట 120 అని, ఒకచోట 125 అని, ఇంకోచోట 140 అని, అక్కడక్కడా 150 అని కూడా కనబడుతుంది. ఇందులో ఏదీ తప్పు కాదు. ఒకే డబ్బాలోని మైదాను ఒకే కప్పుతో నలుగురు కొలిస్తే నాలుగు అంకెలు వస్తాయి. కప్పుకు ఇన్ని గ్రాములన్నది పిండిని బట్టి ఎంత మారుతుందో, కొలిచే చేతిని బట్టి కూడా అంతే మారుతుంది. అందుకే ఎవరో ఇచ్చిన పట్టిక చూసుకుని కేక్ చేస్తే ఒకసారి బాగా వస్తుంది, ఒకసారి రాదు. ముందు మీ కప్పు ఎంతదో తేల్చుకోవాలి. తర్వాత మీ చేతికి ఎంత పిండి పడుతుందో తేల్చుకోవాలి. ఆపైన మిగిలేది భాగహారమే.

పిండితోనే ఎందుకీ చిక్కు

బియ్యాన్ని గిద్దలు, సోలలు, తవ్వలు, మానికలతో తరతరాలుగా కొలుచుకున్నాం. పెద్దగా తేడా రాలేదు. గింజ గట్టిది, అదిమినా అణగదు. పైన చేత్తో గీసేస్తే ప్రతిసారీ దాదాపు అంతే పడుతుంది. పంచదారా అంతే. మైదా అలా కాదు. మైదా రేణువు నీటికంటే ఒకటిన్నర రెట్లు దాకా బరువు. అయినా 240 మి.లీ. కప్పును గుల్లగా నింపితే పట్టేది 120 గ్రాములే. లెక్క వేస్తే కప్పులో మూడింట రెండొంతులు గాలే ఉందని తేలుతుంది. ఆ గాలిలో కాస్త బయటికి పోతే ఆ ఖాళీలోకి ఇంకొంత పిండి వచ్చి చేరుతుంది, పైకి మాత్రం కప్పు అలాగే నిండుగా కనిపిస్తుంది.

కావాలంటే ఇప్పుడే చూడండి. కప్పును చెంచాతో మెల్లగా నింపి, పైన చాకుతో గీసేయండి. తర్వాత కప్పును గట్టు మీద పదిసార్లు తట్టండి. పిండి మట్టం అంచు కంటే కళ్లకు కనబడేంత కిందికి దిగిపోతుంది. ఆ ఖాళీని మళ్లీ నింపి గీసి కాటా మీద పెడితే, 120 దగ్గర ఉన్నది 140 దాటుతుంది. డబ్బాలో కప్పు ముంచినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. కప్పు అంచు పిండిని తోసుకుంటూ లోపలికి పోతుంది, డబ్బా గోడకు అదిమి పైకి లాగుతాం. ఆ అదుముడే 20, 25 గ్రాములు పెంచేస్తుంది. మూడు కప్పుల వంటకంలో ఈ తేడా 60 నుంచి 75 గ్రాములు, అంటే అర కప్పుకు పైమాటే.

మొదటి అడుగు: మీ కప్పు ఎంత?

"కప్పు" అని చెప్పి అమ్మేవన్నీ ఒకే పరిమాణంలో ఉండవు. అమెరికా వంటింటి కప్పు 236.6 మి.లీ., అక్కడి పోషకాల లేబుళ్ల లెక్కలో 240. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, కెనడాల్లో 250. జపాన్‌లో 200. మన వంటల వీడియోల్లో తరచు 250 మి.లీ. కప్పు అని చెబుతుంటారు, బజార్లో దొరికే సెట్లు 240వీ ఉంటాయి, 250వీ ఉంటాయి. వీటన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు. అది చాలావరకు 180 మి.లీ. మాత్రమే. విదేశాల్లో కొత్తగా కాపురం పెట్టిన ఇళ్లలో కొలతకు అదే చేతికి అందుతుంది. దాంతో కొలిస్తే ప్రతి కప్పుకూ నాలుగో వంతు తగ్గిపోతుంది.

మీ కప్పు సంగతి తేల్చుకోవడానికి రెండు నిమిషాలు చాలు. ఖాళీ కప్పును కాటా మీద పెట్టి సున్నా చేయండి. అంచు దాకా నీళ్లు పోయండి. చివర్లో చుక్కలుగా పోస్తూ, మట్టం అంచుకు సమంగా వచ్చినప్పుడు ఆపండి, పైకి ఉబ్బనివ్వకండి. కాటా ఎన్ని గ్రాములు చూపితే కప్పు అన్ని మి.లీ. ఉన్నట్టు. అర కప్పు, పావు కప్పు గిన్నెలను కూడా ఇలాగే చూడండి. చవక ప్లాస్టిక్ సెట్లలో నాలుగు పావు కప్పులు కలిపితే ఒక కప్పు కాకపోవడం మామూలే. దొరికిన అంకెను కప్పు కింద చెరగని పెన్నుతో రాసేయండి.

సెట్ లేకపోయినా ఫర్వాలేదు. నిటారుగా ఉండే స్టీలు గ్లాసునైనా ఇలాగే నీళ్లతో తూచి కప్పుగా వాడుకోవచ్చు. గుల్లగా నింపిన మైదా బరువు, పాత్ర మి.లీ.లో దాదాపు సగం. 240కి 120 గ్రాములు, 250కి 125, 300 మి.లీ. గ్లాసుకు 150. ఈ ఒక్క లెక్క గుర్తుంటే ఏ పాత్రతోనైనా పని జరిగిపోతుంది.

ముక్కు ఉన్న కొలజాడీలు పాలకూ నీళ్లకే పనికొస్తాయి. పిండికి వాడితే పైన గీయడానికి వీలుండదు. మట్టం చూడ్డానికి జాడీని ఊపుతాం, ఊపగానే పిండి దిగిపోతుంది.

రెండో అడుగు: నింపే పద్ధతి ఒకటే ఉండాలి

బేకింగ్‌కి మేం గట్టిగా చెప్పేది చెంచాతో నింపి గీసే పద్ధతి. ఇంటింటికీ తేడా తక్కువ వచ్చేది దీంట్లోనే. ఎలాగంటే:

1. ప్యాకెట్‌లోని పిండిని వెడల్పాటి డబ్బాలోకి మార్చండి. లారీల్లో, దుకాణం అరల్లో ఒకదాని మీద ఒకటి ఉండి ప్యాకెట్ పిండి గట్టిపడి ఉంటుంది. ప్యాకెట్‌లోంచి నేరుగా కొలవకండి.
2. ఫోర్కుతో గానీ విస్కుతో గానీ అడుగు దాకా పది పదిహేను సార్లు తిప్పి గుల్ల చేయండి. పైపైన కదిపితే సరిపోదు, అణగి ఉండేది అడుగునే.
3. కప్పును కాగితం మీదో పళ్లెంలోనో పెట్టి, పెద్ద చెంచాతో పిండిని కప్పు అంచుకు కాస్త పైనుంచి జారవిడవండి. చెంచాతో అదమకండి.
4. అంచు పైకి గుట్టగా వచ్చేదాకా నింపండి. మధ్యలో కప్పును తట్టకండి, కదపకండి.
5. చాకు వీపుతో ఒక్కసారి అడ్డంగా గీసేయండి. పదునువైపు వద్దు, వేలితో అసలే వద్దు. వేలు గీసినట్టే ఉంటుంది గానీ అదిమేస్తుంది.

ఇలా చేస్తే 240 మి.లీ. కప్పుకు 120 నుంచి 125 గ్రాములు వస్తాయి. ముంచి గీస్తే 140 నుంచి 150. ముంచి, తట్టి, మళ్లీ నింపితే 160 దాకా పోతుంది. ముందే జల్లించి, కప్పులోకి జారవిడిస్తే 110 నుంచి 115.

జల్లించడం గురించి ఇంకో మాట. వంటకంలో "జల్లించిన మైదా ఒక కప్పు" అని ఉంటే ముందు జల్లించి తర్వాత కొలవాలి. "మైదా ఒక కప్పు, జల్లించుకోవాలి" అని ఉంటే ముందు కొలిచి తర్వాత జల్లించాలి. రెండింటికీ కప్పుకు పది గ్రాముల దాకా తేడా. స్పాంజ్ కేక్ లాంటి తేలికపాటి వాటిలో ఇది తెలుస్తుంది, బిస్కెట్లలో అంత తెలియదు.

మూడో అడుగు: మీ సొంత అంకె

పై పద్ధతిలో కప్పు నింపి తూచండి. పిండిని మళ్లీ డబ్బాలో పోసి, గుల్ల చేసి, మళ్లీ నింపి తూచండి. ఇలా ఐదుసార్లు చేయండి. ఉదాహరణకు 121, 126, 118, 124, 121 వచ్చాయనుకుందాం. మొత్తం 610, ఐదుతో భాగిస్తే 122. మీ చేతికి, మీ కప్పుకు, ఆ మైదాకు అంకె 122.

సగటుతో పాటు తేడాను కూడా చూడండి. అన్నిటికంటే ఎక్కువకు, అన్నిటికంటే తక్కువకు మధ్య 10 గ్రాముల లోపు ఉంటే మీ చెయ్యి కుదిరినట్టే. 20 దాటితే ఎక్కడో ఒకసారి అదుముతున్నారు, ఒకసారి వదిలేస్తున్నారు. చాలామందికి ఇది గుల్ల చేసే దగ్గరే వస్తుంది: మొదటి కప్పుకు బాగా తిప్పుతారు, మూడో కప్పుకు వచ్చేసరికి డబ్బా అడుగు తగులుతుంది, అక్కడి పిండి గట్టిగా ఉంటుంది. ప్రతి కప్పుకు ముందూ నాలుగుసార్లు తిప్పితే ఈ తేడా పోతుంది.

లెక్క రెండు వైపులా

గ్రాముల నుంచి కప్పుల్లోకి రావాలంటే గ్రాములను మీ అంకెతో భాగించాలి. 350 గ్రాముల మైదా కావాలి, మీ అంకె 122. రెండు ముప్పావు కప్పులకు 335 గ్రాములు అవుతాయి. మిగిలిన 15 గ్రాములకు రెండు టేబుల్ స్పూన్లు. అంటే రెండు కప్పులు, ముప్పావు కప్పు, పైన రెండు టేబుల్ స్పూన్లు. ముప్పావును పెద్ద కప్పులో కంటికొలతగా పోయకండి. అర కప్పు గిన్నె ఒకసారి, పావు కప్పు గిన్నె ఒకసారి గీసి పోయండి.

కప్పుల నుంచి గ్రాముల్లోకి రావాలంటే గుణించాలి, కానీ మీ అంకెతో కాదు, రెసిపీ రాసినవారి అంకెతో. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. అమెరికా రెసిపీలో రెండుంపావు కప్పుల మైదా, వాళ్ల లెక్క కప్పుకు 120 అనుకుంటే మొత్తం 270 గ్రాములు. కాటా ఉంటే నేరుగా 270 తూచండి, పని అయిపోయింది. కాటా లేక, ముంచి కొలిచే అలవాటే ఉండి, మీ అంకె 138 అయితే 270ని 138తో భాగించాలి. వచ్చేది రెండు కప్పులకు కాస్త తక్కువ. అదే చేత్తో రెండుంపావు కప్పులు పోసి ఉంటే 310 గ్రాములు పడేది.

కప్పు పరిమాణం వేరైతే దాన్నీ సరిచేయాలి: కొత్త కప్పు మి.లీ.ని పాత కప్పు మి.లీ.తో భాగించి, అంకెతో గుణించండి. 240 కప్పుకు 120 అయితే 250కి 125, 200కి 100, 180కి 90.

చెంచాల లెక్క: టేబుల్ స్పూన్ 15 మి.లీ., గీసిన మైదా ఏడున్నర గ్రాములు. టీ స్పూన్ 5 మి.లీ., రెండున్నర గ్రాములు. ఆస్ట్రేలియా టేబుల్ స్పూన్ మాత్రం 20 మి.లీ., కాబట్టి 10 గ్రాములు. మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో కొన్న చెంచాలతో అమెరికా రెసిపీ చేస్తే మైదాలో పెద్దగా తెలియదు గానీ, బేకింగ్ పౌడర్ టేబుల్ స్పూన్లలో చెప్పినప్పుడు మూడో వంతు ఎక్కువ పడి చేదొస్తుంది.

పాత రెసిపీల్లో ఔన్సులు, పౌండ్లు ఉంటాయి. ఔన్సు 28.35 గ్రాములు, పౌండు 453.6. పౌండు మైదా 120 లెక్కన సుమారు మూడు ముప్పావు కప్పులు. అమెరికా వాళ్లు బటర్ "స్టిక్" అంటే 113 గ్రాములు, సరిగ్గా వాళ్ల అర కప్పు.

ఏ పిండికి ఎంత

కింద ఉన్నవి 240 మి.లీ. కప్పును చెంచాతో నింపి గీస్తే వచ్చేవి. మీ అంకె తెలిసేదాకా వీటితో మొదలుపెట్టొచ్చు.

- మైదా: 120–125 గ్రా.
- గోధుమపిండి: 115–130
- బొంబాయి రవ్వ: 160–170
- పొడి బియ్యప్పిండి: 140–160
- శనగపిండి: 90–120
- కార్న్‌ఫ్లోర్: 115–128
- బాదం పొడి: 95–100
- కోకో పౌడర్: 85–100
- పంచదార: 200
- పంచదార పొడి: 113–120
- నూనె, కరిగిన నెయ్యి: సుమారు 218
- పాలు, పెరుగు: 245

శనగపిండికి, బియ్యప్పిండికి విస్తారం ఇంత ఎక్కువెందుకంటే మర మరకూ మెత్తదనం మారుతుంది. మిల్లు రోలరు తిరిగిన ప్యాకెట్ పిండికి, వీధి చివర మరలో ఆడించినదానికి పోలిక లేదు. రాగి, జొన్న, సజ్జ పిండ్లకు అందుకే అంకె ఇవ్వలేదు. అవి మీరు తూచుకోవాల్సినవే. బెల్లం పొడి కూడా అంతే. గడ్డలు కట్టిన బెల్లానికి కప్పు కొలత పెట్టడం దండగ.

అన్నిటికీ మైదా అంకె వాడేయడం పెద్ద పొరపాటు. కప్పు మైదా, కప్పు కోకో ఒకే గిన్నెలో గీసినా కోకో సుమారు నాలుగింట మూడొంతుల బరువే. మైదాలో కొంత తీసి కోకో కలపాలంటే బరువులోనే మార్చండి: 30 గ్రాముల మైదా తీస్తే 30 గ్రాముల కోకో. చెంచాల్లో అయితే మైదా నాలుగు టేబుల్ స్పూన్లు తీసి, కోకో ఐదు వేయాలి.

మెత్తటి కేక్‌కు మైదాలో కార్న్‌ఫ్లోర్ కలపడం తెలిసిందే. కప్పు మైదాలోంచి రెండు టేబుల్ స్పూన్లు తీసి, ఆ మేరకు కార్న్‌ఫ్లోర్ వేసి, మూడుసార్లు జల్లించాలి. బరువులో చెబితే 105 గ్రాముల మైదాకు 15 గ్రాముల కార్న్‌ఫ్లోర్.

రెసిపీ రాసినవారి కప్పును పట్టుకోవడం

కప్పుల్లో మాత్రమే ఉన్న రెసిపీ చేతికొచ్చింది. రాసినవాళ్లు ఏ కప్పు వాడారు, ముంచారా నింపారా? చాలాసార్లు రెసిపీలోనే ఆనవాళ్లు ఉంటాయి.

పక్కన ఎక్కడైనా గ్రాములు ఉన్నాయేమో చూడండి. రెండున్నర కప్పుల మైదాకు 300 అని ఉంటే కప్పుకు 120. 350 అని ఉంటే 140, అంటే ముంచి గీసే చెయ్యి. బటర్ కప్పుకు 227 అని ఉంటే అమెరికా కప్పు. 250 అని ఉంటే ఆస్ట్రేలియా కప్పు అయ్యే అవకాశం ఎక్కువ. అక్కడి వంటకాల్లో కప్పు మైదాకు 150 గ్రాముల లెక్క, పంచదారకు 220 లెక్క మామూలుగా నడుస్తాయి. ఆస్ట్రేలియా రెసిపీకి 120 పెట్టి తూచితే కేక్ బ్యాటర్ పల్చనై మధ్యలో కుంగుతుంది. పాలు కప్పుకు 250 మి.లీ. అని ఉంటే అది 250 మి.లీ. కప్పే.

బ్రెడ్ అయితే నీళ్లే చెప్పేస్తాయి. మామూలు పావ్, బన్నుల పిండిలో నీళ్లు మైదా బరువులో 60 నుంచి 68 శాతం ఉంటాయి. మూడు కప్పుల మైదాకు ఒక కప్పు నీళ్లు అని ఉందనుకోండి. కప్పుకు 120 వేస్తే 360 గ్రాములకు 240 గ్రాముల నీళ్లు, 67 శాతం. సరిపోతుంది. 145 వేస్తే 435 గ్రాములకు 240, అంటే 55 శాతం. పూరీ పిండిలా గట్టిగా ఉంటుంది, అలాంటి బన్ను ఎవరూ రాయరు. కాబట్టి రాసినవారి చెయ్యి 120 దగ్గరే ఉంది. గుడ్లు, బటర్, పాలు కలిసే బ్రెడ్లకు వాటిలోని నీటిని కూడా కలుపుకోవాలి గనుక ఈ లెక్క అంత సూటిగా రాదు.

ఏ ఆనవాలూ లేకపోతే 120తో మొదలుపెట్టి, ఆ తర్వాత పిండి తీరు చూసి రెండు మూడు చెంచాలు కలుపుకోండి. పిండి తక్కువైతే వేయగలం, ఎక్కువైతే తీయలేం.

కాటా అస్సలు లేకపోతే

బరువు తెలిసిన వస్తువు ఒకటి వంటింట్లో ఎప్పుడూ ఉంటుంది: విప్పని మైదా ప్యాకెట్. 500 గ్రాముల ప్యాకెట్‌ను డబ్బాలో పోసి, గుల్ల చేసి, మీ పద్ధతిలో కప్పులుగా కొలవండి. నాలుగు కప్పులు పోయగా రెండు టేబుల్ స్పూన్లు మిగిలాయంటే మొత్తం నాలుగు కప్పులు, ఇంకో ఎనిమిదో వంతు. 500ను 4.125తో భాగిస్తే 121. కాటా లేకుండానే మీ అంకె దొరికింది. కప్పుల లెక్క తప్పకుండా ఒక్కో కప్పును కాగితం మీద వేరు వేరు కుప్పలుగా పోయండి. ఫోను మోగితే ఎన్ని పోశామో మరిచిపోయేది ఇక్కడే.

ఇంకో దారి ఉంది. 500 గ్రాముల పిండిని పెద్ద కాగితం మీద పోసి, స్కేలుతో ఒకే మందంలో దీర్ఘచతురస్రంగా సర్దండి. స్కేలు అంచుతో మధ్యకు కోయండి, రెండు సగాలనూ మళ్లీ మధ్యకు కోయండి. ఒక్కోటి 125 గ్రాములు. మందం సమంగా ఉంటే పది గ్రాములకు మించి తేడా రాదు, అదే కప్పు ముంచితే అంతకంటే ఎక్కువే పోతుంది. 

కాటా ఉంటే

గ్రాము గ్రాము చూపే మామూలు డిజిటల్ కాటా ఇంటి బేకింగ్‌కు చాలు. గట్టి గట్టు మీద పెట్టాలి, టేబుల్ క్లాత్ మీద వద్దు. గిన్నె పెట్టాక సున్నా చేసి మైదా, మళ్లీ సున్నా చేసి పంచదార, మళ్లీ సున్నా చేసి పాలు. ఒక్క గిన్నెతో పని అయిపోతుంది, కడగడానికి కప్పులు కూడా ఉండవు.

రెండు సంగతులు గుర్తుంచుకోండి. పిండిని చిటికెడు చిటికెడుగా రాలిస్తే కొన్ని కాటాలు ఆ చిన్న పెరుగుదలను లెక్కలోకి తీసుకోవు. తమ సున్నాను తామే సరిచేసుకునే ఏర్పాటు వాటిలో ఉంటుంది, అది మీ చిటికెలను మింగేస్తుంది. చివర్లో కొద్దికొద్దిగా వేసినప్పుడు గిన్నెను ఒకసారి ఎత్తి మళ్లీ పెట్టి చూడండి. ఇక రెండోది, 5 గ్రాముల లోపు వాటిని గ్రాము కాటాతో తూచకండి. 3 అని చూపిస్తే అసలు బరువు రెండున్నరో మూడున్నరో కావచ్చు. వంటసోడా, బేకింగ్ పౌడర్, ఈస్ట్, ఉప్పులకు గీసిన టీ స్పూనే నమ్మకం. అందాజుకు టీ స్పూన్ ఇన్‌స్టంట్ ఈస్ట్ 3 గ్రాములు, మెత్తటి ఉప్పు 6, వంటసోడా 5 దగ్గర.

తేడా వస్తే ఎలా తెలుస్తుంది, ఏం చేయాలి

మైదా ఎక్కువైన కేక్ బ్యాటర్ గరిటె ఎత్తితే రిబ్బనులా జారదు, ముద్దలుగా తెగి పడుతుంది. ఒవెన్‌లో పైన గోపురంలా లేచి నడినెత్తిన పగులుతుంది, కోస్తే పొడిపొడిగా రాలుతుంది. టిన్నులో పోయకముందే కనిపెడితే టేబుల్ స్పూన్ చొప్పున పాలు వేసి మెల్లగా మడతపెట్టండి. రెండు మూడు స్పూన్లు దాటకండి. గట్టిగా కలిపితే గ్లూటెన్ (మైదా తడిసినప్పుడు ఏర్పడే సాగే జిగురు) సాగి కేక్ రబ్బరులా తయారవుతుంది. మైదా తక్కువైతే కేక్ మధ్యలో కుంగుతుంది, కుకీలు పళ్లెమంతా పరుచుకుని అంచులు మాడతాయి. బేకింగ్ పౌడర్ ఎక్కువైనా, ఒవెన్ వేడి చాలకపోయినా కేక్ కుంగుతుంది కాబట్టి పిండినే అనుమానించేముందు అవీ చూసుకోండి.

నానఖటాయిలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. కప్పు మైదా, పావు కప్పు శనగపిండి, అర కప్పు నెయ్యి, అర కప్పు పంచదార పొడి ఇంట్లో చేసుకునే పాళ్లు. చెంచాతో నింపిన మైదాకు నెయ్యి సరిగ్గా పట్టి, అరచేతిలో నునుపుగా ఉండ అవుతుంది. ముంచిన కప్పుతో 25 గ్రాములు ఎక్కువ పడితే అదే నెయ్యి చాలదు, ఉండ చేస్తుంటే విరిగిపోతుంది. అప్పుడు చాలామంది పాలు చల్లుతారు. అది చేయకూడదు. పాలలోని నీటితో గ్లూటెన్ కట్టుకుని, నోట్లో కరగాల్సింది గట్టి బిస్కెట్ అవుతుంది. టీ స్పూన్ చొప్పున నెయ్యే వేయండి.

బ్రెడ్ పిండిలో తప్పు శాతాల్లో బయటపడుతుంది. 500 గ్రాముల మైదాకు 325 గ్రాముల నీళ్లంటే 65 శాతం. ముంచిన కప్పులతో మైదా 575 అయిపోతే అదే నీళ్లు 56.5 శాతానికి దిగిపోతాయి. పిసుకుతుంటే పిండి చిట్లుతుంది, పొంగడానికి చాలాసేపు పడుతుంది. వెంటనే నీళ్లు పోయకండి. మూతపెట్టి 20 నిమిషాలు వదిలితే పిండి ఉన్న నీళ్లు పీల్చుకుని మెత్తబడుతుంది. అప్పటికీ బిగువుగా ఉంటే టేబుల్ స్పూన్ చొప్పున కలపండి.

గోధుమపిండి, తడిపిండి, వానాకాలం

మైదా బదులు గోధుమపిండి వేసేటప్పుడు కప్పుకు కప్పు మార్చకండి, గ్రాముకు గ్రాము మార్చండి. అయినా పాలో నీళ్లో ఇంకొంచెం పడతాయి. పొట్టు నీళ్లు పీలుస్తుంది. పైగా రాతి మరలో ఆడినప్పుడు పిండిపదార్థం ఎక్కువగా నలుగుతుంది, నలిగినది ఇంకా ఎక్కువ నీళ్లు పీల్చుకుంటుంది. 120 గ్రాములకు ఒకటి రెండు టేబుల్ స్పూన్లు అదనంగా ఉంచుకుని, పది నిమిషాలు నానాక చూసి కలపండి.

తడిపిండికి ఈ పట్టికలు ఏవీ పనికిరావు. అరిసెలకు కొట్టిన తడి బియ్యప్పిండిలో నీళ్ల బరువు కూడా ఉంటుంది, అదమకుండా కప్పులో పోయడమూ కుదరదు. అందుకే అరిసెల పాళ్లు నానబెట్టకముందు బియ్యానికే చెబుతారు. బియ్యప్పిండి కేకులకు తడిపిండి వాడాలనుకుంటే ఆరబెట్టి, జల్లించి, ఆ తర్వాత తూచండి.

వానాకాలంలో, అందులోనూ విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర ప్రాంతాల్లో, మూత సరిగ్గా లేని డబ్బాలోని మైదా తేమ పట్టి ఉండలు కడుతుంది. గడ్డల మధ్య ఖాళీలు మిగిలి కప్పు తేలిగ్గా తూగుతుంది, లేదా అణగిపోయి బరువుగా తూగుతుంది. జల్లించాకే కొలవండి. ఫ్రిజ్‌లో పెట్టిన పిండిని మూత తీయకుండా గది వేడికి రానిచ్చి, తర్వాత గుల్ల చేయండి. తేమ పీల్చిన పిండిని సరిగ్గా తూచినా అందులో కొన్ని గ్రాములు నీళ్లే కాబట్టి, బ్రెడ్‌కు చివరి రెండు చెంచాల నీళ్లు పక్కన పెట్టుకుని పిండి అడిగితేనే పోయండి.

బ్రాండ్ మారినా, మర మారినా, కొత్త కప్పుల సెట్ కొన్నా మీ అంకెను మళ్లీ తీయాలి. డబ్బా మూత మీద చిన్న కాగితం అంటించి మూడు విషయాలు రాయండి: పిండి పేరు, కప్పు ఎన్ని మి.లీ., గీసిన కప్పుకు ఎన్ని గ్రాములు. ప్యాకెట్ మారిన రోజున మూడుసార్లు తూచి, పాత అంకెకు ఐదు గ్రాముల లోపు తేడా ఉంటే అదే ఉంచండి, దాటితే కొట్టేసి కొత్తది రాయండి.